కరెంటు లారీకి పళ్ళు చూడడం ఎట్లా?

మా చందర్లపాడు వైపు ఎద్దును కొనబోయేవాడు కొమ్ములు చూసి మోసపోడు, గంగడోలు చూసి మురిసిపోడు. ముందుగా మూతి పట్టుకొని, పెదవి పైకెత్తి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళా, రెండు పళ్ళా, నాలుగా, ఆరా, లేక పళ్ళన్నీ వేసేసిందా అన్నది తేలిన తర్వాతనే కండువా కింద వేళ్ళు కలిపి బేరంలోకి దిగుతాడు. అమ్మేవాడు కొమ్ములకు రంగు పూయవచ్చు. మెడలో కొత్త మువ్వలు కట్టవచ్చు. పదిరోజులపాటు ఉలవలు పెట్టి ఒళ్ళు నిగనిగలాడించవచ్చు. పళ్ళను మాత్రం ఏమీ చెయ్యలేడు. ఇప్పటికీ మన ప్రాంతపు బండలాగుడు పందేలలో ఎడ్లను పళ్ళ లెక్కనుబట్టే విభాగాలు చేస్తున్నారు.

లారీలు వచ్చాక ఈ విద్య రూపం మార్చుకొన్నది. పాత లారీ కొనేవాడు విజయవాడ ఆటోనగరునుంచి ఒక మేస్త్రీని వెంటబెట్టుకొని వెళతాడు. మేస్త్రీ బండి స్టార్టు చేయించి చెవి ఒగ్గి వింటాడు. పొగ రంగు చూస్తాడు. ఆయిలు కొలిచే పుల్ల తీసి రెండు వేళ్ళమధ్య నలిపి చూస్తాడు. చివరకు, "రింగులు అరిగినయ్యి బాబాయ్! రేటు ఇంకా దిగాల్సిందే" అంటాడు. ఆ ఒక్కమాట మీద బేరం నిలుస్తుంది, లేదా విరుగుతుంది.

ఇప్పుడు కరెంటు లారీలు వస్తున్నాయి. వాటికి పొగ లేదు, చప్పుడు లేదు, ఆయిలు పుల్ల అంతకన్నా లేదు. వున్నదల్లా సీలు వేసిన పెద్ద పెద్ద బ్యాటరీ పెట్టెలు. బండి ఖరీదులో పెద్ద భాగం ఆ పెట్టెలదే. అవి మొదటిరోజు ఎట్లా వుంటాయో ఆరో ఏట కూడా పైకి అట్లాగే వుంటాయి. లోపల మాత్రం రోజురోజుకూ అరుగుతుంటాయి. మరి ఆ అరుగుదలను కనిపెట్టేది ఎట్లా? వాటికి పళ్ళెక్కడ వున్నాయి?

"లారీల గొడవ మాకెందుకండీ?" అని ఇంటిపట్టున వుండే పాఠకురాళ్ళు పేజీ తిప్పెయ్యబోతున్నారేమో. కాస్త ఆగండి. మీ అబ్బాయి తొక్కే కరెంటు స్కూటరులోనూ, మీ చేతిలోని సెల్‌ఫోనులోనూ వున్నది ఆ జాతి బ్యాటరీయే. అయితే ఫోను బ్యాటరీ పోతే విసుక్కుంటాం; లారీ బ్యాటరీ పోతే ఒక సంసారం తలకిందులవుతుంది. అందుకని లారీతోనే మొదలుపెడతాను.

మాది లోగడ కృష్ణాజిల్లా. 2022 ఏప్రిల్ 4వ తేదీనుంచి ఎన్.టి.ఆర్. జిల్లా అయింది. పేరేదయినా నేల అదే. చందర్లపాడు చుట్టూ నల్లరేగడిలో పత్తి, మిరప. కాస్త పైకి, జగ్గయ్యపేట వైపు వెళితే సున్నపురాయి, దానిని నమ్ముకొన్న సిమెంటు ఫ్యాక్టరీలు. మిరపకాయ గుంటూరు చేరాలన్నా, సిమెంటు బస్తా విజయవాడ చేరాలన్నా లారీయే దిక్కు. మా వైపు కుటుంబాలలో ఎవరో ఒకరు లారీ యజమానో, డ్రైవరో, క్లీనరో, గుమాస్తానో అయివుండడం సర్వసాధారణం.

మా ఆవిడ తమ్ముడు అటువంటి వాడే. రెండు లారీలు. ఒకటి పదిహేనేళ్ళు దాటింది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు భోజనాలయ్యాక వరండాలో నా పక్కన చేరాడు.

"బావగారూ! పాతబండిని తుక్కు కింద అప్పగిస్తే కరెంటు లారీకి గవర్నమెంటు సాయం చేస్తుందిట. నిజమేనా?"

నిజమే. 2025 జూలైలో కేంద్ర భారీ పరిశ్రమల శాఖవారు పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం కింద కరెంటు లారీలకు సాయం ప్రకటించారు. లారీ బరువునుబట్టి గరిష్ఠంగా 9 లక్షల 60 వేల రూపాయల దాకా తగ్గింపు. దేశం మొత్తానికి సుమారు 5,600 లారీలు. పాత లారీని తుక్కుకు ఇచ్చినట్టు ధ్రువపత్రం వుండాలి. ఎక్కువగా సిమెంటు, ఉక్కు, ఓడరేవులు, సరకు రవాణా రంగాలలో ఈ లారీలు తిరుగుతాయని ప్రభుత్వమే చెప్పింది. అంటే జగ్గయ్యపేట లారీల పేరు పెట్టి పిలిచినట్టే.

"మరింకేమోయ్, కొనెయ్యి" అన్నాను.

"కొందామనే వుంది. డీజిలు ఖర్చు మిగులుతుంది. కాని బండి ఖరీదు డీజిలు లారీకి రెండింతలు పైన. అమ్మ పేరున వున్న ఎకరంన్నర అమ్మి కొంత కట్టాలి. మిగతాది అప్పు. అప్పు ఆరేళ్ళు. బ్యాటరీకి వారంటీ అయిదేళ్ళు. ఆ ఆరో ఏడు నా గతేమిటి బావగారూ? అసలు అప్పటికి ఆ పెట్టెలో ఎంత ప్రాణం మిగిలిందో నాకు చెప్పేవాడెవడు?"

నేను తెలుగు పంతుల్ని. ఛందస్సులో గణాలు లెక్కపెట్టమంటే పెడతాను కాని బ్యాటరీలో ప్రాణాలు లెక్కపెట్టడం నా శాస్త్రం కాదు. అయితే బావమరిది అడిగింది లారీ ప్రశ్న కాదు, అత్తగారి పొలం ప్రశ్న. అందుచేత మా కాలేజీలో ఫిజిక్సు మాష్టారిని పట్టుకొన్నాను. ఆయన రెండు సాయంకాలాలు నాతో కూర్చొని చెప్పారు. మరికొంత చదివి తెలుసుకొన్నాను. దాని సారాంశం ఇది.

లిథియం బ్యాటరీ లోపల రెండు అరలున్నాయనుకోండి. చార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ఒక అరనుంచి రెండో అరలోకి వెళ్ళి సర్దుకొంటాయి. బండి నడిచేటప్పుడు తిరిగి మొదటి అరకు వస్తాయి. ఈ రాకపోకలే మనకు కరెంటు. ఇటువంటి బ్యాటరీని 1991లో జపానులో సోనీ కంపెనీవారు మొదటిసారి బజారులో పెట్టారు. ఒక అరకు ఇనుము, భాస్వరం కలిసిన పదార్థం వాడవచ్చునని 1997లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం ప్రకటించింది. లారీలకూ బస్సులకూ విస్తారంగా వాడుతున్నది ఈ ఇనుము రకమే. వేడికి నిలుస్తుంది, ఎక్కువకాలం మన్నుతుంది. ఆ గుడినఫ్‌గారికి 2019లో, తన 97వ ఏట, మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ అందుకొన్నవారిలో అందరికన్నా పెద్ద వయసువాడు ఆయనే. బ్యాటరీల ముసలితనం గురించి మాట్లాడుకొనేటప్పుడు ఆ ముసలాయనను తలుచుకోవడం శుభమే.

ఇక అరుగుదల. కాచిన పాలమీద మీగడ కట్టినట్టు, బ్యాటరీలో ఒక అర అంచున సన్నని పొర కడుతుంది. ఈ పొర కొంతవరకు మేలే. లోపలి సరకును కాపాడుతుంది. కాని అది కట్టడానికి కొంత లిథియం ఖర్చవుతుంది. ఖర్చయిన లిథియం ఇక రాకపోకలకు పనికిరాదు. పొర మందమైనకొద్దీ ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. సుమారుగా ఇది కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుందంటారు. ఉదాహరణకు మొదటి ఏడు నూటికి 3 పాళ్ళు పోయిందనుకోండి. నాలుగేళ్ళకు మొత్తం 6 పాళ్ళు, తొమ్మిదేళ్ళకు 9 పాళ్ళు పోతుంది. ఇది బండి కదలకుండా కూర్చున్నా వచ్చే వయసు.

నడిస్తే వచ్చే వయసు వేరే వుంది. చార్జి ఎక్కి దిగినప్పుడల్లా అరలు రవంత ఉబ్బి, రవంత తగ్గుతుంటాయి. అట్లా వేలసార్లు అయ్యేటప్పటికి పగుళ్ళు వస్తాయి. పగులులో కొత్త పొర, కొత్త పొరకు కొత్త ఖర్చు. పైపెచ్చు, పాత నీళ్ళ గొట్టంలో గార పేరుకొన్నట్టు కరెంటు ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది. అప్పుడు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు లారీకి జోరు తగ్గుతుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క. ఎండాకాలం వాతావరణ వార్తలలో రెంటచింతలతోపాటు నందిగామ పేరు కూడా వినపడుతుండడం పాఠకులకు తెలియనిది కాదు. పెద్ద లారీ బ్యాటరీలను చల్లబరచే ఏర్పాటు వుంటుంది. కాని నిండా చార్జి పెట్టి, మే నెల మధ్యాహ్నం, ఫ్యాక్టరీ గేటు బయట లోడు కోసం వరసలో రెండురోజులు నిలబెట్టిన లారీకీ, చింతచెట్టు నీడన సగం చార్జితో ఆగిన లారీకీ వయసు ఒకేవిధంగా రాదు. ఒకే రోజున కొన్న రెండు బ్యాటరీలు అయిదేళ్ళ తర్వాత ఒకలాగా వుండకపోవడానికి కారణం ఇదే. కాబట్టి కొన్న తేదీ చూసి బ్యాటరీ వయసు చెప్పడం కుదరదు.

మరి ఎట్లా చెప్పాలి?

కరెంటు బిల్లులో చూసే యూనిట్లతోనే దీన్ని లెక్కపెట్టవచ్చు. లెక్కకోసం బావమరిది కొనదలచిన లారీ బ్యాటరీ కొత్తలో 300 యూనిట్లు పట్టేది అనుకొందాం. ఇప్పుడు 270 మాత్రమే పడితే నూటికి 90 పాళ్ళు ఆరోగ్యం వున్నదన్నమాట. ఈ అంకెనే ఆ శాస్త్రంవారు బ్యాటరీ ఆరోగ్యం అంటారు. వినడానికి సులువే. ఆ 270ని పట్టుకోవడంలోనే వుంది కష్టమంతా.

ఇరవై శేర్ల బిందె అడుగున వండు పేరుకొంటే ఎన్ని శేర్లు పడుతుందో తెలుసుకొనే నిక్కమైన ఉపాయం ఒకటే. నింపాలి, శేరుతో కొలుస్తూ పూర్తిగా వంపాలి. బ్యాటరీకీ అంతే. నిండా చార్జి చేసి, అడుగంటే దాకా వాడి, బయటికి వచ్చిన యూనిట్లు కొలవాలి. దీనికి లారీ ఒకటి రెండు రోజులు ఆగాలి. కిస్తీలు కట్టే వాడికి ఆ రెండు రోజులూ బరువే. అందుకని దీన్ని ఏడాదికొకసారి చేయించినా గొప్పే.

రెండో ఉపాయం, బిందె సగంలో కొలిచి మిగతాది ఊహించడం. చార్జి గేజి 30 చూపినప్పుడు పెట్టి, 80 చూపినప్పుడు తీశారు. సగం బిందెకు 140 యూనిట్లు పట్టాయి. కనుక మొత్తం 280, అంటే నూటికి 93. బాగానే వుంది. కాని గేజి రెండు గీతలు తప్పు చెప్పిందనుకోండి. పట్టింది నిజానికి 50 పాళ్ళు కాదు, 52 అయితే? మొత్తం 269, అంటే నూటికి 90. గేజిలో రెండు గీతల పొరపాటు మూడు పాళ్ళ ఆరోగ్యాన్ని మింగేసింది. ఇంకొక సంగతి. గోడమీటరులో తిరిగిన యూనిట్లన్నీ బ్యాటరీలోకి వెళ్ళవు. నూటికి అయిదో పదో దారిలో వేడిగా పోతాయి. గోడమీటరు చూసి లెక్కకడితే బ్యాటరీకి లేని ఆరోగ్యం వున్నట్టు కనపడుతుంది.

గేజి ఎందుకు తప్పుతుంది? పాతకాలపు సీసం బ్యాటరీ అయితే ఎలక్ట్రీషియను గాజు బుడ్డితో కాస్త ఆసిడ్ పీల్చి, లోపల తేలే గీతల పుల్ల చూసి చార్జి ఎంతో చెప్పేవాడు. చెట్టుకింద షాపువాడి దగ్గర కూడా ఆ బుడ్డి వుండేది. లిథియం బ్యాటరీలో పీల్చడానికి ఏమీ లేదు; వోల్టేజి ఒక ఆధారం. ఇనుము రకం బ్యాటరీకి ఆ వోల్టేజి కూడా సరిగా సాయపడదు. మధ్యభాగమంతా ఒక్కొక్క సెల్లు సుమారు 3.3 వోల్టుల దగ్గర కదలకుండా నిలబడుతుంది. నీళ్ళు తోడుతున్నా మట్టం తగ్గినట్టు కనపడని బావిలాంటిదన్నమాట. బాగా నిండినప్పుడూ, బాగా అడుగంటినప్పుడూ మాత్రమే మట్టం తెలుస్తుంది. అందుకే ఈ రకం బండ్లను అప్పుడప్పుడు నిండా చార్జి చెయ్యమని తయారీదారులే చెబుతుంటారు. అప్పుడు గేజి తన లెక్క సరిచూసుకొంటుంది.

మూడో ఉపాయం మన డ్రైవర్లది. "వెనక ఒక చార్జికి ఇంత దూరం వచ్చేది, ఇప్పుడు ఇంతే వస్తున్నది." ఇది కొట్టిపారెయ్యవలసిన మాట కాదు. కాని ఒకరోజు మాట నమ్మకూడదు. నిండు సిమెంటుతో వెళ్ళి ఖాళీగా తిరిగివచ్చిన రోజు వేరు, తిరుగుదారిలో బరువు దొరికిన రోజు వేరు. ఎదురుగాలి, ఎండ, డ్రైవరు కాలిబరువు, అన్నీ యూనిట్లు తింటాయి. అదే దారి, అదే బరువు, అదే రుతువు తీసుకొని, ఈ ఏటి మే నెలను పోయిన ఏటి మే నెలతో పోల్చితే మాత్రం నిజం బయటపడుతుంది.

ఫిజిక్సు మాష్టారు గట్టిగా చెప్పిన మాట ఇది: "మాష్టారూ, ఒక్క కొలతతో జ్వరం తెలుస్తుంది కాని క్షయ తెలియదు. నెలనెలా కొలిచి గీత గియ్యాలి. ఆ గీత వాలు చూడాలి." పెద్ద కంపెనీలు చేస్తున్నది అదే. వందల బండ్ల చార్జి లెక్కలు, వేడి లెక్కలు రాత్రింబవళ్ళు పోగుచేసి, ఏ బ్యాటరీ ఎప్పటికి ఎంత అరుగుతుందో అంచనా వేసుకొంటున్నాయి. ఆ అంచనాలోనూ ఒక చిక్కుంది. గీత ఏళ్ళతరబడి మెల్లగా వాలుతూ వచ్చి, ఒకచోట ఉన్నట్టుండి కిందికి విరుగుతుంది. మడిచిన కాలులాగా కనపడుతుంది కనుక దానికి ఆ శాస్త్రంలో మోకాలు అని పేరు. మోకాలికి ముందు గీసిన గీతను నమ్మి, ఇంకా పదేళ్ళు ఢోకా లేదనుకోరాదు.

ఇంత సన్నని కొలత ఎందుకంటారేమో. బావమరిది లారీకే లెక్కకడదాం. జగ్గయ్యపేటనుంచి విజయవాడకు రానుపోను దాదాపు 160 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఖాళీ. సగటున కిలోమీటరుకు 1.3 యూనిట్లు అనుకొందాం. భద్రతకు నూటికి 15 పాళ్ళు అడుగున వదలాలి. కొత్తలో 300 యూనిట్లలో 255 వాడుకోవచ్చు. 196 కిలోమీటర్లు వస్తుంది, హాయిగా పోయిరావచ్చు. ఆరోగ్యం 82కు దిగితే వాడుకోదగినవి 209 యూనిట్లు. 160 కిలోమీటర్లు సరిగ్గా సరి. 80కి దిగితే 204 యూనిట్లు, 157 కిలోమీటర్లు. అంటే ఊరు మూడు కిలోమీటర్లుందనగా దారిలో చార్జికి ఆగాలి. ఆగితే గంట పోతుంది. గేటు దగ్గర వరస తప్పుతుంది. వరస తప్పితే ఆ రోజు రెండో లోడు లేదు. 82కూ 80కీ మధ్య వున్న రెండు పాళ్ళలో ఒక కుటుంబం కిస్తీ వున్నది. మనం చూసిన గేజి పొరపాటేమో మూడు పాళ్ళు!

ఇప్పుడు వారంటీ సంగతి. పథకం కింద సాయం పొందే లారీ బ్యాటరీకి 5 ఏళ్ళు లేదా 5 లక్షల కిలోమీటర్లు, ఏది ముందయితే అంతవరకు తయారీదారు పూచీ వుండాలి. మోటారుకూ బండికీ 5 ఏళ్ళు లేదా 2 లక్షల 50 వేల కిలోమీటర్లు. 5 లక్షల కిలోమీటర్లన్న మాట ఘనంగానే వుంది. కాని రోజుకు 160 చొప్పున ఏడాదికి 300 రోజులు తిప్పినా 48 వేలు. అయిదేళ్ళకు 2 లక్షల 40 వేలు. బావమరిదికి కిలోమీటర్లు సగం కూడా కాకముందే ఏళ్ళు నిండిపోతాయి. ఆరో ఏడు అతనిదే పూచీ.

ఇక్కడ బస్సుల సంగతి పోల్చి చూడాలి. 2019 మార్చిలో హైదరాబాదులో ఆర్.టి.సి.వారు 40 కరెంటు బస్సులు దించారు. 2022 సెప్టెంబరు 27న తిరుపతిలో కరెంటు బస్సులు మొదలైనాయి. అవి తిరుమల ఘాటు రోడ్డు కూడా ఎక్కుతున్నాయి. ఆ బస్సులు ఆర్.టి.సి. కొన్నవి కావు. కంపెనీయే బస్సు పెట్టి, నడిపి, బాగుచేసుకొంటుంది. ఆర్.టి.సి. కిలోమీటరుకు ఇంతని ఇస్తుంది. అంటే బ్యాటరీ అరిగితే నష్టం కంపెనీది. అరుగుదల లెక్క తెలిసినవాడే దాని నష్టం కూడా భరిస్తున్నాడు. ధర్మంగానే వుంది.

రెండు లారీల చిన్న యజమాని దగ్గరికి వచ్చేటప్పటికి ఈ ధర్మం తిరగబడుతుంది. అరుగుదల లెక్కంతా చార్జి చార్జికీ కంపెనీ కంప్యూటరులోకి వెళుతుంది. నష్టం మాత్రం యజమానిది. బావమరిది ఒక డీలరును అడిగాడు: "బ్యాటరీ ఎంత అరిగిందో నాకెట్లా తెలుస్తుందండీ?" "యాప్‌లో కనపడుతుంది లెండి" అని జవాబు. ఆ డీలరే అమ్మిన ఒక బండి యాప్ చూపించమంటే, ఏడాదిన్నర తిరిగిన బండికి నూటికి నూరు అని చూపించింది! నూరేళ్ళు వర్ధిల్లమని దీవించినట్టు వుందే కాని కొలిచినట్టు లేదు.

ఈ సంగతంతా విన్నాక మా బావమరిది భార్య ఒక మాట అన్నది. నేను చదివినదంతా ఆ మాట ముందు దిగదుడుపే.

"అన్నయ్యగారూ! నాలుగు గాజులు తాకట్టు పెడితే తూకం వేసి, ఎన్ని గ్రాములో చీటీ రాసిస్తారు కదా. విడిపించేటప్పుడు మళ్ళీ తూస్తారు. అత్తయ్య పొలం అమ్మి కొనే పెట్టెకు తూకం చీటీ ఎందుకు ఇవ్వరు?"

అదీ ప్రశ్న. బ్యాటరీ అరగడం తప్పు కాదు. అరగని వస్తువు లోకంలో లేదు. కొలవలేకపోవడం కూడా కాదు. కొలిచే ఉపాయాలు వున్నాయి. కొలత ఒకరి చేతిలోనూ, నష్టం మరొకరి నెత్తినా వుండడమే తప్పు.

ఐరోపా దేశాలవారు ఈ తప్పును 2023లో ఒక చట్టంతో సరిదిద్దబూనారు. 2027 ఫిబ్రవరి 18నుంచి అక్కడ అమ్మే బండ్ల బ్యాటరీలకు మనిషికి పాస్‌పోర్టు వున్నట్టే ఒక పాస్‌పోర్టు వుండాలన్నారు. ఎక్కడ పుట్టింది, దేనితో చేశారు, ఆరోగ్యం ఎట్లా వున్నది అన్న వివరాలు ఆ బ్యాటరీకి అంటిన గుర్తుద్వారా చూసుకోవచ్చు. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు అరిగిపోయిన బ్యాటరీని వెనక్కి తీసుకొనే బాధ్యత తయారీదారుమీద పెట్టాయి. అది మంచిదే. కాని చివరిదినం సంగతి ఒక్కటే చాలదు. నడుమ వున్న ఏళ్ళ సంగతి కూడా యజమానికి తెలియాలి.

ఆ తెలియడంలో ఇంకో లాభం కూడా వుంది. లారీకి చాలని బ్యాటరీ పనికిమాలినది కాదు. 80 పాళ్ళు మిగిలిన మన 300 యూనిట్ల బ్యాటరీ ఇంకా 240 యూనిట్లు పడుతుంది. రోజుకు 8 యూనిట్లు వాడే ఇంటికి అది నెలరోజుల కరెంటు. సూర్యరశ్మి కరెంటును పగలు దాచి రాత్రి ఇవ్వడానికి అటువంటి పాత బ్యాటరీలను వాడుతున్నారు. కాని ఆరోగ్యం చీటీ లేని బ్యాటరీని ఎవరు మంచి ధరకు కొంటారు? పళ్ళు చూపించని ఎద్దును సంతలో తోలుకుపోయినట్టే.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. లారీ కాని, స్కూటరు కాని, కరెంటు బండి కొనదలచినవారు సంతకానికి ముందు మూడు కాగితాలు అడగండి. మొదటిది, బండి ఇచ్చిన రోజున బ్యాటరీ నిజంగా ఎన్ని యూనిట్లు పట్టిందో కొలిచి ఇచ్చిన చీటీ. రెండోది, ఆరోగ్యం నూటికి ఎన్ని పాళ్ళకు దిగితే వారంటీ కింద మారుస్తారో, దాన్ని ఎవరు, ఏ పద్ధతిలో కొలుస్తారో రాసిన కాగితం. "అరుగుదల సహజం, వారంటీ వర్తించదు" అన్న వాక్యం ఎక్కడైనా చిన్న అక్షరాలలో వుందేమో కళ్ళద్దాలు పెట్టుకొని చూడండి. మూడోది, బండి లెక్కలు యజమాని అడిగినప్పుడల్లా ఇస్తామన్న హామీ.

ఇంట్లో చెయ్యవలసింది ఒకటుంది. మా చిన్నతనంలో వంటింటి గోడమీద బొగ్గుతో పాల లెక్క గీసేవారు. పాలవాడు ఎంత తెలివైనవాడయినా నెలాఖరుకు ఆ గీతలముందు వాదం సాగేది కాదు. అట్లాగే ఒక నోటుబుక్కు పెట్టండి. నెలకొకసారి, వీలయితే ఒకే తారీఖున, గేజి ఎంతనుంచి ఎంతకు చార్జి చేశారు, ఎన్ని యూనిట్లు పట్టింది, ఆ నెల ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎండ ఎట్లా వుంది, నాలుగు ముక్కలు రాసుకోండి. ఒక్కొక్క అంకె తప్పయినా కావచ్చు. అరవై నెలల అంకెలు కలిసి అబద్ధం చెప్పవు. వారంటీ తీరే ముందు ఆ పుస్తకం తీసి చూస్తే, బ్యాటరీని కొలిపించమని పట్టుబట్టాలో వద్దో మీకే తెలుస్తుంది.

బావమరిది ఆ మూడు కాగితాలకూ డీలరుకు రాతమూలకంగా అర్జీ పెట్టాడు. రెండోదానికి జవాబు వచ్చింది. మొదటిదానికి పైవారిని అడుగుతామన్నారు. మూడోదానిమీద ఇంకా మాట లేదు. అంతవరకు పొలం అమ్మకం ఆపమని మా అత్తగారు చెప్పారు. ఈ ఏడు దాంట్లో మినుము వేశారు. కాగితాలు వస్తే లారీ వస్తుంది; రాకపోతే మినుము ఎట్లాగూ వస్తుంది.